తొలకరి గాలం

ఇక్కడ నేను సాధారణంగా రక్తపుపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధులు వంటి విషయాలు వ్రాస్తూ ఉంటాను. ఈసారి చేపల వేట గురించి వ్రాస్తున్నాను. వైద్యుడికి గాలంతో ఏమి పని అని మీకు తోచవచ్చు. నా వృత్తిజీవితంలో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు ఆసుపత్రిలో కాక ఏటి ఒడ్డున జరిగింది. దానిని దాచుకొని మీకు మూత్రపిండాల గురించి సలహాలు చెప్పడం సబబు కాదని ఇన్నేళ్ళకు అనిపించింది.

ప్రభుత్వ వైద్యుడిగా నా తొలి సంవత్సరాలు ఉద్దానంలో గడిచాయి. శ్రీకాకుళం జిల్లా బయట ఉన్న పాఠకుల కోసం ఒక మాట చెబుతాను. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో సముద్రం వెంబడి పరచుకొన్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమను ఉద్దానమంటారు. ఉద్యానమన్న మాటే ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. తూర్పున బంగాళాఖాతం, పడమట దూరాన మహేంద్రగిరి. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండమీద మబ్బు కూర్చుంటే మా ఊళ్ళలో గొడుగులు బయటకు వచ్చేవి.

ఆ కొండలలో పుట్టి, సోంపేట ప్రాంతం మీదుగా ప్రవహించి, బారువ దగ్గర సముద్రంలో కలిసే ఏరు మహేంద్రతనయ. కొండ కూతురని అర్థం. అదే పేరుతో అదే కొండలలో పుట్టిన మరొక ఏరు వంశధారలో కలుస్తుంది. నేను చెప్పేది బారువ వైపు వెళ్ళే ఏటి సంగతి.

కొత్త నీరు

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అరవై ఒక్క రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేటకు ప్రభుత్వం విరామం ప్రకటిస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. బారువలోనూ, భావనపాడులోనూ ఆ రెండు నెలలు వలలు బాగుచేసుకోవడంతో గడుస్తాయి. విరామం ముగిసే రోజులకే ఇంచుమించుగా తొలకరి కూడా వస్తుంది. సముద్రం మీదికి పడవలు వెళ్ళే వారంలోనే ఏటిలోకి కొత్త నీరు దిగుతుంది.

వేసవిలో మహేంద్రతనయ ఏరుగా ఉండదు. ఇసుక మధ్య అక్కడక్కడ మడుగులుగా మిగులుతుంది. మిగిలిన చేపలన్నీ ఆ మడుగులలో, వేడెక్కిన నీటిలో, ఆకలితో బ్రతుకుతాయి. కొండమీద మొదటి గట్టివాన పడిన మరునాడు ఎర్రమట్టి కలిసిన నీరు వచ్చి మడుగులను కలుపుతుంది. నీరు చల్లబడుతుంది. గట్ల మీది పురుగులూ, వానపాములూ కొట్టుకొని వస్తాయి. చేపకు అది పండుగ. శీలావతి, బొచ్చె వంటి చేపలకు గుడ్లు పెట్టే సమయం కూడా అదే. చల్లని కొత్త నీటి స్పర్శ తగలగానే అవి ప్రవాహానికి ఎదురెక్కి, కొత్తగా మునిగిన గట్ల వెంబడి లోతు తక్కువ చోట్లకు వెళతాయి.

గాలం వేసేవాడికి ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు లేవు. చేప ఆకలిమీద ఉంటుంది, ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది, నీరు మరకగా ఉండడం వల్ల మనిషి నీడకు భయపడదు. ఇంత సులభంగా దొరికే రోజులు కనుకనే ఇవి సంయమనం నేర్పవలసిన రోజులు కూడా. ఆ సంగతి నాకు చెప్పినవాడు వైద్యుడూ కాదు, మత్స్యశాఖ అధికారీ కాదు. కొబ్బరితోటలో కూలిపనికి వెళ్ళే ఒక మనిషి.

ఎర్రని గుంపు

ఆయన నా ఈడువాడే. కాలికి గునపం దిగి కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు పరిచయమయ్యాడు. కట్టు కట్టినందుకు ప్రతిఫలంగా మూడోనాడు ఒక గంపెడు పరిగెలు తెచ్చి ఇంటి మెట్టు మీద పెట్టాడు. ఎక్కడ పట్టావని అడిగితే, "సూత్తావేటి బావూ? ఆదోరం తీసుకెల్తాను" అన్నాడు. ఆ ఆదివారం మొదలుకొని పదిహేనేళ్ళకు పైగా, ఎక్కడికి బదిలీ అయినా, తొలకరికి నేను ఆ ఏటి ఒడ్డుకు వచ్చేవాడిని.

ఆయన గాలం మీరు ఏ పల్లెలోనైనా చూడగలిగినదే. ఎండిన సన్నని వెదురు కర్ర, నైలాను దారం, చిన్న సీసపు గుండు, నెమలి ఈకతో చేసిన బెండు, చివర ముల్లు. ఎరకు వానపాములు. వాటిని మావాళ్ళు ఎర్రలంటారు. కొర్రమీను కోసమైతే చిన్న కప్ప. దారం నీటిలో పడిన తరువాత చేయవలసిన పని చూడడం ఒక్కటే.

బెండును చదవడం ఆయన నాకు అక్షరాభ్యాసంలాగా నేర్పాడు. టుక్కు టుక్కుమని అదిరితే పరిగెల పిల్లలు ఎరను కొరుకుతున్నాయి, కర్ర ఎత్తకూడదు. బెండు మునగకుండా పక్కకు నడిస్తే పెద్ద చేప ఎరను పెదవులతో పట్టుకొని వెళుతోంది, ఇంకా ఆగాలి. బెండు పైకి లేచి నీటిమీద అడ్డంగా పడుకుంటే చేప కిందినుండి ఎరతోపాటు సీసాన్ని కూడా ఎత్తింది, అప్పుడు లాగాలి. నేను ప్రతిసారీ ముందే లాగేవాడిని. ఆయన నవ్వేవాడు. "సేపకి తొందర నేదు బావూ. తొందరంతా మనకే" అనేవాడు.

ఒకనాడు మడుగు అంచున నీటిమీద గుప్పెడు కుంకుమ చల్లినట్టు ఎర్రని మచ్చ కనిపించింది. అది కదులుతోంది. దగ్గరగా చూస్తే వేలెడంత కూడా లేని వందల చేపపిల్లలు ఒకదానినొకటి అంటుకొని పైకి వచ్చి గాలి పీల్చి మళ్ళీ దిగుతున్నాయి. కొర్రమీను పిల్లలు. ఆ వయసులో అవి నారింజ ఎరుపులో ఉంటాయి. వాటి కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ గుంపు పక్కన కప్పను ఆడిస్తే, ఆకలి లేకపోయినా, పిల్లల మీదికి వచ్చిన శత్రువనుకొని పెద్ద చేప దూకి కరుస్తుంది. అంతకంటే సులభమైన వేట లేదు. నేను ఉత్సాహంగా కర్ర ఎత్తాను. ఆయన నా ముంజేయి పట్టుకున్నాడు.

"తల్లి కిందే ఉంటాది బావూ. దాన్ని తీసీసినామంటే ఈ పిల్లలకి దిక్కెవులు?"

కాపలా పోయిన పిల్లలను మిగిలిన చేపలు గంటలో ఊడ్చిపెడతాయి. ఒక కూర కోసం వచ్చే ఏడాది మడుగును ఖాళీ చేసుకోవడమన్నమాట. ఆయన ఈ లెక్క నాకు చెప్పలేదు. చేయి మాత్రం పట్టుకున్నాడు. మేమిద్దరం అక్కడినుండి లేచి మరొక చోటికి వెళ్ళాము.

నేను చదవని బెండు

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

మేము తెల్లవారకముందే ఒడ్డుకు చేరేవాళ్ళం. నేను ఎంత పెందలకడ వెళ్ళినా ఆయన నాకంటే ముందే అక్కడ ఉండేవాడు. ఒకసారి మెచ్చుకుంటే, "రేతిరి నాలుగు పాలి లెగాలి బావూ, నిద్దరెక్కడిది? అందుకే ఒచ్చీసినాను" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఉదయం నుండి మిట్టమధ్యాహ్నం వరకు ఆయన గుక్కెడు నీళ్ళు త్రాగేవాడు కాదు. బీడీ త్రాగేవాడు. తోటలో పనిచేసే రోజున కూడా అంతే. చెట్టెక్కేవాడికి కడుపులో నీళ్ళుంటే బరువని ఆయన నమ్మకం. నేను తెచ్చుకున్న కూజాలోని నీళ్ళు నేను త్రాగాను. ఆయనను త్రాగమని ఒకటి రెండుసార్లు అన్నాను, పట్టుబట్టలేదు.

నడుము నొప్పి, కాళ్ళ నొప్పులు ఆయనకు నిత్యం. కొట్టులో దొరికే నొప్పి మాత్ర లేనిదే పనికి వెళ్ళలేనని అనేవాడు. కొట్టులో కొనడం ఎందుకని నేనే నా సంచిలోనుండి డైక్లోఫెనాక్ మాత్రల పట్టీలు తీసి ఇచ్చేవాడిని. స్నేహానికి గుర్తుగా ఇచ్చాను. ఒక్కసారి కూడా ఆయన రక్తపరీక్ష చేయించలేదు.

ఒక తొలకరికి ఆయన బాగా చిక్కి కనిపించాడు. పట్టిన చేపలన్నీ నా గంపలోనే వేశాడు. ఎందుకని అడిగితే, "సేప కూర సయించట్నేదు బావూ. నోరంతా ఇనప ముక్క సప్పరించినట్టుంది" అన్నాడు. మోచేతులు గోక్కుంటున్నాడు. చర్మం బూడిద పూసినట్టు ఉంది. ఏడాది పొడుగునా బెండు కదలికలో ఇన్ని భేదాలు చదివినవాడిని, ఎదురుగా కూర్చున్న మనిషిని ఆ రోజుగాని చూడలేదు. మరునాడు రక్తం తీయించాను. క్రియాటినిన్ 9 మిల్లీగ్రాములు దాటి ఉంది. పురుషులలో అది సాధారణంగా 1.3 కంటే తక్కువ ఉండాలి. ఆయనకు మధుమేహం లేదు. రక్తపుపోటు అంతకుముందు ఎప్పుడూ లేదు.

అవి 1990లలో చివరి సంవత్సరాలు. ఉద్దానంలో ఇటువంటి రోగులు ఎక్కువగా ఉన్నారని వైద్యులు గమనించి మాట్లాడుకుంటున్న రోజులు. రక్తశుద్ధి చేయించాలంటే విశాఖపట్నం వెళ్ళాలి. వారానికి రెండుసార్లు రైలెక్కి వెళ్ళి రావడం ఒక కూలి మనిషికి ఎన్ని వారాలు సాగుతుంది? ఆయన మరుసటి తొలకరి చూడలేదు.

నేనిచ్చిన మాత్రలే ఆయన ప్రాణం తీశాయని నేను చెప్పలేను. ఉద్దానంలో ఈ వ్యాధి ఇంతగా ఎందుకు వ్యాపించిందో తేల్చడానికి ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఒకే కారణాన్ని పట్టుకొని ఇదే అని చెప్పే స్థితి నేటికీ లేదు. కాని ఎండలో ఒళ్ళు వంచి పనిచేయడం, నీరు త్రాగకపోవడం, ఆపైన నొప్పి మాత్రలు, ఈ మూడూ కలిస్తే ఏ మూత్రపిండానికైనా చేటేనని వైద్యశాస్త్రం నాకు అప్పటికే నేర్పింది. తెలిసిన సంగతిని స్నేహితుడి విషయంలో వాడలేదు. నా పొరపాటు అది.

ఎందుకు చేటు?

మన రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో ఒకటి రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఈ పనికి రక్తం ఎడతెగక అందాలి. చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు వెళ్ళే రక్తం తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండం ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తయారు చేసి, తనకు రక్తం తెచ్చే సూక్ష్మనాళాలను వెడల్పుగా ఉంచుకొంటుంది. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు నొప్పిని తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్లను ఆపడం ద్వారానే. కీళ్ళలో నొప్పి తగ్గుతుంది, మూత్రపిండంలో తలుపు మూసుకుంటుంది. ఆరోగ్యవంతుడు నీరు సరిపడా త్రాగి, వైద్యుడి సలహాపై రెండు రోజులు వాడితే సాధారణంగా ముప్పు రాదు. నీరు లేని ఒంటికి నెలల తరబడి వాడితే దెబ్బ మీద దెబ్బ.

ఈ వ్యాధిలో మరొక చిక్కు ఉంది. మూత్రపిండాల శక్తి దాదాపు సగం పోయేవరకు రక్తంలో క్రియాటినిన్ సాధారణ పరిమితిలోనే కనిపించవచ్చు. ఉద్దానంలో కనిపించే వ్యాధి ముఖ్యంగా వడపోత తరువాత నీటిని తిరిగి పీల్చుకొనే సూక్ష్మనాళికలనూ, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. అందువలన తొలిదశలో మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా కనిపించదు, కాళ్ళు పొంగవు, నొప్పి ఉండదు. నీటిని చిక్కబరచే శక్తి తగ్గడం వల్ల రాత్రిపూట పదేపదే మూత్రానికి లేవడం ఒక్కటే కొందరిలో తొలి సూచన. "రేతిరి నాలుగు పాలి" అన్న మాటలో ఆయన నాకు ఆ సూచన చెప్పాడు. బెండు ఒకసారి అదిరింది. నేను చూడలేదు.

మంచు విడిన సరస్సు

పదవీ విరమణ తరువాత ఒక వేసవిలో అమెరికాలోని కొలరాడోలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. అల్లుడికి ట్రౌట్ చేపల వేట సరదా. జూన్ తొలివారంలో రాకీ పర్వతాలలో ఒక సరస్సుకు నన్ను తీసుకువెళ్ళాడు. దాదాపు తొమ్మిదివేల అడుగుల ఎత్తు. పైనున్న శిఖరాల మీద మంచు ఇంకా ఉంది.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. ఆంగ్లేయులు 1900 ప్రాంతంలో కాశ్మీరులోనూ, తరువాత నీలగిరులలోనూ దానిని పెంచారు. నీరు ఇరవై డిగ్రీల వేడి దాటితే అది కష్టపడుతుంది. అందుచేత మన మహేంద్రగిరి ఏళ్ళలో బ్రతకలేదు. అక్కడ దానిని పట్టే పద్ధతి వేరు. ఎర ఉండదు. చిన్న ముల్లుకు ఈకలూ, దారాలూ చుట్టి ఈగలాగా కట్టిన బొమ్మ ఉంటుంది. దానికి బరువు లేదు కనుక బరువైన దారాన్నే కొరడాలాగా ఊపి విసురుతారు. ఈగ నీటిమీద దూదిలాగా వాలాలి.

చలికాలమంతా మంచుపలక కింద ఉన్న చేప, మంచు విడిన తొలి వారాలలో, ముందుగా వేడెక్కే ఒడ్డు నీటికి వస్తుందనీ, అక్కడే పురుగులు పుట్టుకొస్తాయనీ అల్లుడు చెప్పాడు. వింటుంటే నాకు తొలకరి గుర్తుకు వచ్చింది. అక్కడ మంచు కరగడమెలాగో, ఇక్కడ కొత్త నీరు రావడం అలాగ. సరస్సులోకి వచ్చే చిన్న వాగు దగ్గర నేను నీటిలో అడుగు పెట్టబోతే అతడు నా చేయి పట్టుకున్నాడు. "అక్కడ వద్దు మామయ్యగారూ" అని, గులకరాళ్ళ మధ్య శుభ్రంగా ఊడ్చినట్టున్న తెల్లని చోటు చూపించాడు. ట్రౌట్ తోకతో రాళ్ళను కదిపి గుడ్లు పెట్టిన గూడు అది. అడుగు పడితే గుడ్లన్నీ పోతాయి. తెలిసినవాళ్ళు అక్కడ నడవరు, అక్కడ చేరిన చేపల మీద ఈగ వేయరు.

ఏళ్ళ క్రితం నా ముంజేయి పట్టుకున్న చేయి నాకు గుర్తుకు వచ్చింది. ఆయనకు చదువు లేదు, లైసెన్సు లేదు, చట్టం తెలియదు. చేయి పట్టుకోవడం మాత్రం ఒకటే.

మధ్యాహ్నానికి నాకు తలనొప్పి పట్టుకుంది. ఎత్తైన ప్రదేశాలలో కొత్తవారికి అది మామూలే. పైగా పొడిగాలి. చెమట పట్టినట్టే తెలియదు, నీరు మాత్రం పోతుంది. ఉదయం కాఫీ తప్ప నేనేమీ త్రాగలేదు. అల్లుడు సంచిలోనుండి ఇబుప్రొఫెన్ మాత్ర తీసి నా అరచేతిలో పెట్టాడు. ప్రేమతోనే ఇచ్చాడు. నేను కూడా ఒకప్పుడు అలాగే ఇచ్చాను. మాత్రను తిరిగి ఇచ్చి, నీడలో కూర్చొని, మెల్లమెల్లగా లీటరు నీళ్ళు త్రాగాను. సాయంత్రం కిందికి దిగేసరికి నొప్పి తగ్గింది. ఆ రాత్రి మా అమ్మాయికి నా మిత్రుడి కథ మొదటిసారిగా చెప్పాను.

తొలకరి వేటకు వెళ్ళేవారికి

ఏటికి, చెరువుకు, సముద్రానికి వెళ్ళే వారందరికీ కొన్ని మాటలు చెబుతాను. ఇవి తోటలలో, పొలాలలో పనిచేసేవారికి కూడా వర్తిస్తాయి.

నీరు వెంట తీసుకువెళ్ళండి. దాహం వేసేవరకు ఆగవద్దు. గంటకొకసారి కొద్దికొద్దిగా త్రాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే మీరు త్రాగినది చాలలేదని అర్థం. గుండె జబ్బు, మూత్రపిండాల వ్యాధి ఇప్పటికే ఉన్నవారు మాత్రం ఎంత త్రాగాలో తమ వైద్యుడినే అడగాలి.

కొట్టులో కొన్న నొప్పి మాత్ర, తోటివాడు ఇచ్చిన నొప్పి మాత్ర మ్రింగవద్దు. మీరు కూడా ఎవరికీ ఇవ్వవద్దు. తప్పనిసరైతే, వైద్యుడిని అడిగి, తగిన మోతాదులో పారాసెటమాల్ వాడుకోవచ్చు.

చేప పిత్తాశయాన్ని మ్రింగవద్దు. పచ్చి చేదుకట్ట మ్రింగితే మధుమేహం తగ్గుతుందనీ, ఉబ్బసం పోతుందనీ కొందరి నమ్మకం. శీలావతి, బొచ్చె జాతి చేపల పిత్తంలో మూత్రపిండాలను రోజుల వ్యవధిలో పాడుచేసే విషపదార్థం ఉంది. వండినా దాని విషం పోతుందని నమ్మకం పెట్టుకోవద్దు. అటువంటి రోగులు మన దేశంలోనూ, ఇతర దేశాలలోనూ రక్తశుద్ధి వరకు వెళ్ళారు. చేపను కోసేటప్పుడు చేదుకట్టను పగలకుండా తీసి పారవేయండి.

వాననీరు నిలిచిన చోట ఎలుకల మూత్రం కలుస్తుంది. కాలికి గాయముంటే దానిద్వారా లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఒంట్లో ప్రవేశించవచ్చు. నీటిలో దిగిన రెండు మూడు వారాల లోపున జ్వరం, పిక్కలలో తీవ్రమైన నొప్పి, కళ్ళెర్రబడడం కనిపిస్తే నీటిలో దిగిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే ఇది కూడా మూత్రపిండాలనే పట్టుకొంటుంది.

జెల్ల, ఇంగిలాయి వంటి చేపల ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో అరగంటకు పైగా చేయి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడికి ఆ విషం విరుగుతుంది. నీటి వేడిని ముందుగా రెండవ చేతితో చూసుకోండి. గాలపు ముల్లు చర్మంలో దిగితే వచ్చిన దారిన బలంగా లాగవద్దు, లోపలి చిన్న ముల్లు కండను చీల్చుతుంది. రెండింటికీ ధనుర్వాతపు టీకా సంగతి చూసుకోవాలి.

ఉరుము వినబడితే కర్ర కింద పడవేసి పక్కా కట్టడంలోకి వెళ్ళండి. చివరి ఉరుము తరువాత అరగంట వరకు తిరిగి రాకండి. చెట్టు కింద నిలబడవద్దు. తొలకరి చేప ఎంత ముఖ్యమైనా రేపటికి కూడా ఏటిలోనే ఉంటుంది.

చివరిగా, ఉద్దానంలో ఉన్నవారు, వేడిలో పనిచేసేవారు, ఇంట్లో ఒకరికి మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఏడాదికొకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. అంకె ఒక్కటే చూడకుండా, వయసును బట్టి వడపోత శక్తిని లెక్కకట్టి చెప్పమని వైద్యుడిని అడగండి. నిరుటి కాగితాన్ని పారవేయకండి. నిరుడు 0.8 ఉన్నది ఈ ఏడాది 1.2 అయితే రెండూ పరిమితిలోనే ఉన్నాయని ఊరుకోకూడదు. మూత్రంలో ఆల్బుమిన్ లేదన్న ఒక్క మాటతో తృప్తిపడవద్దు.

నా మిత్రుడి కాలానికీ ఇప్పటికీ కొంత తేడా వచ్చింది. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఉద్దానం ఊళ్ళకు తెచ్చే పథకం వచ్చింది. పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, రెండువందల పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. రక్తశుద్ధికి ప్రతివారం విశాఖ రైలెక్కవలసిన అవస్థ చాలామందికి తప్పింది. అయినా ఏ ఆసుపత్రీ తనంత తానుగా లేచి ఏటి ఒడ్డుకు రాదు. అక్కడ ఉండేది మీరూ, మీ పక్కన కూర్చున్న మనిషీ.

ఆయన మనుమడు ఇప్పుడు పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనిచేస్తున్నాడు. మొన్న తొలకరికి ఇద్దరం కలిసి ఒడ్డుకు వెళ్ళాము. డెబ్బై దాటిన నాకు గట్టు దిగడం కష్టం, అతడే చేయి పట్టి దింపాడు. అతడి సంచిలో రెండు పెద్ద సీసాల నీళ్ళు, ఒక ప్లాస్టిక్ తొడుగులో మూడేళ్ళ పరీక్ష కాగితాలు ఉన్నాయి. నేను అడగకముందే తీసి చూపించాడు. అంకె మారలేదు. ఆ తరువాతే గాలాలు వేశాము. పరిగెలు నాలుగు పడ్డాయి. కూరకు చాలవు. పులుసులో వేసుకోవడానికి చాలాయి.

మీరు ఈ తొలకరికి ఏటికి వెళ్ళినా, వెళ్ళకపోయినా, మీ ఇంట్లో ఎండన పనిచేసి వచ్చేవారిని మూడు ప్రశ్నలు అడగండి. పొద్దుటినుండి ఎన్ని నీళ్ళు త్రాగావు? నొప్పికి ఏమి మ్రింగుతున్నావు? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? జవాబు విని నవ్వి ఊరుకోకండి.